ఔనన్నాను

శ్రీకాకుళం పెద్దాసుపత్రి,
మందు మాన్పించే వార్డు.
పొద్దున్నే ఫినాయిలు నాది, తుడుపుకర్ర నాది,
పన్నెండు మంచాల కింద మట్టి నాది.
మాటలు మాత్రం డాక్టరమ్మవి.

ఆ దినం తుడుపుకర్ర గోడకానించమని
నన్నూ మాటలకి పిలిసినారు.
"మందస పక్క పుట్టినావు గదా పారమ్మా,
సవర బాస వచ్చంట, ఇలా రా."

వొచ్చు. సిన్నప్పుడు మాయమ్మెంట
ఉప్పూ ఎండుసేపలూ మోసుకెళ్లి
కొండ సంతలో జీడిపిక్కలకి మార్సుకున్న బాస.
బేరానికి సరిపోతాది.
ఏడుపుకి సరిపోతాదో లేదో
ఎప్పుడూ తూసి సూసుకోనేదు.

తొమ్మిదో మంచం. సవర సొంబురు.
సేతులు వొణుకు, కళ్లు పసుపు.
కాయితం మీద ముప్పై గళ్లు,
పేరు పక్క గడిలోనే కులం.

"ఎన్నాళ్ల నుంచి తాగుతున్నాడు?"
అడిగినాను. సెప్పినాడు. సెప్పినాను.
"జీలుగు కల్లా, సారా పేకెట్లా?"
అడిగినాను. సెప్పినాడు. సెప్పినాను.
"ఎవరూ లేనప్పుడు గొంతులేవైనా వినిపిస్తాయా?"

ఈసారి సొంబురు లెగిసి కూకున్నాడు.
వొచ్చిన ఆరు దినాల్లో
ఆడికి తెలిసిన సంగతొకటి
ఎవులో అడగడం ఇదే మొదలు.

వినిపిస్తాదంట. పెళ్లాం. పోయి రెండేళ్లంట.
రాయి నాటనేదంట, దున్నపోతుని కొననేదంట.
ఆ డబ్బుకే మద్రాసు ఇటుకబట్టీకి పోయి
డబ్బు నేకండా, దగ్గుతో వొచ్చినాడంట.
రాయి నాటేదాకా ఆయమ్మ దారిలోనే ఉంతాదంట.
పొద్దుగూకితే వొచ్చి అడుగుతాదంట:
ఇంకా నేదా? ఇంకా నేదా?
ఊర్లో ఎజ్జోడు కూకుంటే ఆడి నోటంట
సచ్చినోళ్లు మాటాడతారు, బతికినోళ్లు బదులు సెప్తారు,
తిట్టుకుంటారు, ఏడుస్తారు, తెల్లారేదాకా.
రోగం కాదంట. అప్పంట.
అప్పు గుర్తొస్తే తాగుతాడంట.

ఇంత సెప్పినాడు. నా బుట్టలో
ఉప్పుకీ పిక్కకీ సరిపడే మాటలే.
డాక్టరమ్మ పెన్ను పట్టుకుని సూస్తంది.
బయట ఓపీ లైను గేటు దాటిపోనాది.
"ఏమన్నాడు? వినిపిస్తాయా, లేదా?"

ఔనన్నాను.

ఆ ఔను కాయితం ఎక్కింది.
ఇంగిలీసులో పెద్ద మాటయ్యింది.
సాయంకాలానికి తెల్ల బిళ్లకి తోడు
నీలం బిళ్లొకటి వొచ్చింది.
సొంబురు నాలుక మందమైపోనాది.
సొంగతో తడిసిన తలగడ గలీబు
దినానికి రొండుసార్లు నానే మారుస్తన్నాను.

నాలుగో మంచం, ఆమదాలవలస మిల్లోరి గుంటడు.
ఆడూ రాత్రేళ తాత పిలుస్తన్నాడని
లెగిసి కూకుంతాడు. నాను విన్నాను.
డాక్టరమ్మ కుర్సీ దగ్గరికి లాక్కుని
ఆడి ముందు గంట కూకుంది.
ఆడి కాయితం మీద దిగులని రాసిందంట,
సిస్టరు సదివి సెప్పింది.

డాక్టరమ్మ సెడ్డమనిసి కాదు.
నా మనవరాలి పుస్తకాలకి డబ్బులిచ్చింది,
తిరిగి అడగనేదు.
ఆ గుంటడి తాత తెలుగులో పిలిసినాడు,
అర్దమైనాడు. అంతే.

నిన్న నాకు నైటు డూటీ.
నీలం బిళ్ల మొదలెట్టి వారం.
సొంబురు కళ్లు తెరిసి
మందపు నాలుకతో మెల్లిగా అడిగినాడు:
మూడు దినాలై ఆయమ్మ రాటం నేదు.
ఈళ్లకి నువ్వేటి సెప్పినావు?
దారి తప్పినాదేటి?

సంత బాసలో దానికి బదులు నేదు.
బకెట్టులో నీళ్లు మురికైపోనాయి.
మార్సడానికి ఎలిపోనాను.