బ్యారన్ దగ్గర ముక్కుపుడక కథ

ఆకు పసుపు తిరిగే రెండో రాత్రి
నిద్రపోకూడదు.
తొంభై ఎనిమిది దాటిందేమోనని
గోడ కన్నంలోంచి టార్చి వేసి చూడాలి,
పొయ్యిలోకి మొద్దు ఎగదొయ్యాలి,
మళ్ళీ వచ్చి గోనెపట్టా మీద కూర్చోవాలి.
ఈ మధ్యలో మిగిలే కాలాన్ని ఏం చేసుకోవాలో
టంగుటూరులో నాకెవరూ చెప్పలేదు.

అందుకని నవల.
బస్టాండు బంకులో పల్లీలు పొట్లం కట్టే
కాగితాల దొంతరలోంచి లాగాను.
అట్ట లేదు, పేరు లేదు,
పదిహేడో పేజీ నుంచి మొదలు.
అప్పటికే ఆ పిల్ల మూడొందల ఏళ్ళ వెనక ఉంది.

బ్యాంకులో ఉద్యోగమంట.
పాత పెట్టెలో దొరికిన ముక్కుపుడక
ఎడమకి తిప్పితే అప్పటికి,
కుడికి తిప్పితే ఇప్పటికి.
అక్కడొక రాజకుమారుడు, తెల్లగుర్రం.
వెన్నెల ఎప్పుడూ నిండుగానే కాస్తుంది,
అమావాస్యని ఆ రాజ్యంలోకి రానిచ్చినట్టు లేరు.

మాలకొండమ్మకి చదువు రాదు.
పగలంతా పచ్చాకు కర్రలకు అల్లి
జిగురు పట్టి నల్లబడ్డ చేతుల్ని
చింతపండుతో రుద్దుకుంటూ వింటుంది.
విని ఊరుకోదు.

"గుర్రానికి గడ్డెవరు కోస్తన్నారు?"
రాయలేదే.
"జలుబు చేసి ముక్కు అటూ ఇటూ తుడుచుకుంటే
యాడికి పోద్ది ఆ పిల్ల?"
దానికీ జవాబు లేదు.
"మూడొందల ఏళ్ళ కిందటి మాట ఎట్టా అర్థమైందంట?
నాకు మీ అమ్మ మాటే పదేళ్ళ దాకా అర్థం కాలా."

నవ్వుకుంటూనే చదివా.
యాభై రెండో పేజీలో అతను
ఆమె చెవి పక్కన వెంట్రుకలు సర్ది,
నువ్వు పుట్టడానికి ఇంకా ఎన్ని వానాకాలాలున్నాయో
ఒక్కొక్కటే లెక్కపెడతా కూర్చుంటాను, అన్నప్పుడు
చింతపండు రుద్దే చప్పుడు ఆగింది.
నేను తలెత్తలేదు.
ఈ వయసులో అట్టాంటి చోట తలెత్తితే
ఏం మాట్లాడుకోవాలో మొగుడూ పెళ్ళాలకి తెలీదు.

కాసేపటికి నేనే అడిగా,
నీ ముక్కుపుడక తిరిగితే ఏ రోజుకి పోతావని.
ఆలోచించనే లేదు.
"ఒంగోల్లో కావలి బస్సెక్కిన రోజుకి.
టంగుటూర్లో దిగమని మా నాయన చెయ్యి పడతాడే,
దిగను. కావలి దాకా పోతా."
కావలిలో ఏముండాది?
"ఏమో. చూళ్ళా గదా."

పొయ్యిలో తుమ్మమొద్దు టప్పున పగిలింది.
ఆ బస్సు రోజూ మా ముందు నుంచే
హారన్ కొట్టుకుంటూ పోతుంది.
గంటన్నర దూరం లేని ఊరు
మా గోనెపట్టా మీదికి రావడానికి
ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది.
తిరిగొస్తావా అని అడగబోయి
థర్మామీటరు చూడ్డానికి లేచా.

నూట నాలుగు!
ఇంకాసేపుంటే పై వరస ఆకు
పండకుండానే, పచ్చగానే ఎండి చచ్చేది.
తలుపు సందు చేసి, మొద్దులు వెనక్కి లాగి,
పొగలో కళ్ళు తుడుచుకుని వచ్చేసరికి
ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని
అక్షరాల మీద వేలు నడుపుతోంది,
వాటిలో ముక్కు ఏదో కనుక్కుందామన్నట్టు.

ఐదో రాత్రి. నూట అరవై. ఈనెలు ఎండే వేడి.
పిల్ల ముక్కుపుడక మీద వేళ్ళు పెట్టింది,
అంతే, పుస్తకం అయిపోయింది.
మిగతా పేజీలు ఎవరి పల్లీలకో పొట్లాలై
ఏ రైలు కిటికీలోంచో ఎగిరిపోయుంటాయి.

నేను ఆపలేదు. చదువుతూనే పోయా:
ఆమె ఎడమకీ తిప్పలేదు, కుడికీ తిప్పలేదు,
ముక్కుపుడక ఊడదీసి అతని చేతిలో పెట్టి
నువ్వే రా, బస్సుంది, అంది.
అతను గుర్రం పగ్గం విప్పి గడ్డిలోకి వదిలేశాడు,
ఇక దానికెవరూ కొయ్యక్కర్లేదు.
కావలిలో ఇద్దరూ దిగారు. ఎండగా ఉంది.
ముందు ఎటు పోదామని ఆమె అడగలేదు,
తనే నడిచింది...

మాలకొండమ్మ కళ్ళు మూసుకుని వింది.
లోపల ఎండిన ఆకు గలగలమంటోంది.
"బాగుండాది," అంది చాలాసేపటికి.
అటు తిరిగి పడుకుంటూ,
"కాయితం తిప్పిన చప్పుడు రాలేదే," అంది.