పది నుంచి ఒంటిగంట వరకు

కాగితం మీద శిక్షణ సమయం అదీ.
ఆమదాలవలస దాటి, నాగావళి గట్టు దిగి
పంచాయతీ వరండాలో బ్యానరు కట్టాను,
ఒక కొస కిటికీ ఊచకి,
ఇంకో కొస దాలినాయుడి సైకిలు హ్యాండిలుకి.
గాలి వీస్తే సైకిలుతో పాటు
"తీగజాతి కూరగాయల్లో చేతి పరాగసంపర్కం" కూడా
ఓ అడుగు ముందుకు నడిచింది.

నాకు ఉద్యోగమొచ్చి నాలుగు నెలలు.
కరెంటు లేదు. ప్రొజెక్టరు
ఒంటికన్నుతో నా వంకే చూస్తోంది.
ముప్పై ఒక్కమంది రైతులు, ముప్పై ఒక్క పెన్నులు,
పులిహోర పొట్లాలకి అప్పుడే దారి కనిపెట్టిన చీమలు.
పెద్దసారు అయిదు నిమిషాలు మాట్లాడి
ఫొటో దిగి,
రెండు ఆనపకాయలు జీపులో వేయించుకుని
ఇంకో మీటింగుకి వెళ్ళిపోయారు.

మగపువ్వు, ఆడపువ్వు అని బోర్డు మీద గీశాను.
వెనక వరసలో నవ్వారు. సుద్దముక్క విరిగింది.
"పిందె పసుపెక్కి రాలిపోతంది మేడమ్,
ఏదో ఓ మందు రాసియ్యండి."
మందు వల్లే ఈగలు రావట్లేదని,
ఈగ వాలకే పిందె నిలవట్లేదని చదివింది చదివినట్టు చెప్పాను.
"కొడితే పిందె పోతాది, కొట్టకపోతే కాయ పోతాది.
మరేటి సెయ్యమంటారు?"

ఆ ప్రశ్న నా నోట్సులో లేదు.
పదండి, పందిరి కింద చూపిస్తానన్నాను.
తప్పించుకోడానికే.

పన్నెండున్నర ఎండ.
పువ్వులన్నీ జేబులో తడిసి ఎండిన బస్సు టిక్కెట్లలా
ముడుచుకుని ఉన్నాయి.
ఒకటి విప్పబోతే వేళ్ళ మధ్యే చిరిగింది.
అసిరితల్లి నవ్వలేదు.
"గుమ్మడయితే తెల్లారగట్ల ఇచ్చుకుంటాది.
ఇది ఆనప. పొద్దుగూకితే గానీ మొకం సూపదు.
ఇప్పుడు లేపితే లెగుస్తాదేటమ్మా?"

నిజమే. పరీక్షలో ఇదే రాసి
మార్కులు తెచ్చుకున్నది నేనే.
అయినా పువ్వుని పదింటికి రమ్మన్నాను.

హాజరు పట్టీలో సంతకాలు అయిపోయాయి.
అందరూ పెన్నులు తీసుకుని వెళ్ళారు.
నాలుగింటి బస్సు నా ముందే వెళ్ళింది, ఎక్కలేదు.
అసిరితల్లి చోడంబలి పోసింది, ఉల్లిపాయ చితక్కొట్టి ఇచ్చింది.
ఉద్యోగం గురించి ఏమీ అడగలేదు.
కాళ్ళు నొప్పెడుతున్నాయా అని మాత్రం అడిగింది.

చీకటి పడుతుంటే ఏడుగురు ఆడవాళ్ళు వచ్చారు,
పొయ్యి మీద ఎసరు ఎవరికో అప్పచెప్పి.
పందిరి కింద ఒక్కొక్కటే
తెల్లగా, చప్పుడు లేకుండా,
లోపల ఎవరో చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు
పువ్వు విచ్చుకుంది.

ఫోను లైటు వేశాను.
ఎక్కడినుంచో ఓ రెక్కలపురుగు
పువ్వు వదిలేసి ఫోను మీద వాలింది.
"ఆర్పేయమ్మా, దానికి దారి తప్పించకు."
ఆర్పేశాను.
ఆ మసక వెలుగులో తడుముకుంటూ
పొడుగు కాడ మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి మడిచి,
మెడ కింద వేలెడు కాయ మోస్తున్న ఆడపువ్వుకి
చంటిదానికి తేనె నాకించినట్టు
అద్దాం. ఎవరు ఎవరికి నేర్పారో తెలీదు.

గుర్తుకి దారం కట్టాలి.
వాళ్ళు పాత చీరల అంచులు పీకారు.
నేను బ్యానరు అంచు పీకాను.

మర్నాడు రిపోర్టులో
సమయం: పది నుంచి ఒంటిగంట వరకు.
ఫలితం: సంతృప్తికరం.
సాయంత్రానికి అందులో గడి లేదు.

పదకొండో నాడు ఫోను మోగింది.
"అయిదు నిలబడ్డాయి. ఎర్రదారానివి మూడు, పచ్చదానివి రెండు."
మరి నాది?
అటువైపు కాసేపు గాలి చప్పుడు.
"నీదా... రాలిపోనాదమ్మా."
ఆగి, మళ్ళీ తనే,
"పువ్వులకేటి కొదవ? రా.
ఈసారి బస్సు టైము సూసుకోకుండా రా."