ఖాళీ దెబ్బ

లియాండర్ కొట్లో మూడు సుత్తి స్టేప్లర్లు వేలాడుతున్నాయి.
ఎర్రది పిల్లల బొమ్మంత తేలిక,
ఊపితే చేతికి గాలే తగిలింది.
రెండోది మెత్తటి రబ్బరు పిడి, మహా బరువు,
మధ్యాహ్నమయ్యేసరికి నా భుజం దాని కూలిమనిషి అవుతుంది.
మూడోది ఒట్టి ఇనుము.
"ముందే చెప్తున్నా థెల్మా, చూడ్డానికి బాగోదు" అన్నాడు.
గోడకి తగిలించి చూసుకుంటానా?
కళ్ళు మూసుకుని మణికట్టు మీద ఆడించాను.
చేపల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు
కత్తుల్నీ ఇలాగే ఎంచుకున్నాను,
చెయ్యి ఒప్పుకున్నాకే ధర.

పొడుగు పిన్నుల పెట్టె తీస్తే
లియాండర్ తల అడ్డంగా ఊపాడు.
"తారు కాగితం కింద ఉన్నది గట్టి చెక్క.
పొడుగు కాళ్ళు సగంలోనే మోకరిల్లిపోతాయి.
ఎనిమిది మిల్లీమీటర్లు చాలు.
ఇంకో కంపెనీవి మాత్రం కొనకు,
గొంతులో ముల్లులా అడ్డం పడతాయి."

అక్టోబరు. ఫార్చ్యూన్ బే మీద
నైరుతి మూల నల్లబడుతోంది.
సాయంత్రానికి వానని రేడియో చెప్పింది,
అంతకుముందే గార్లండ్ మోకాలు చెప్పింది.
వెనకవైపు కొత్త గది, రేకుల్లేని కప్పు,
చూరు దగ్గర మొదలుపెట్టి పైపైకి
అతను కాగితం పరుస్తుంటే
వెనకే నేను, జానెడుకొకటి.

ఇది మేకు కాదు, గురి చూసే పనిలేదు.
తల బల్లపరుపుగా దిగాలి, అంతే.
మోచెయ్యి ఊరుకోవాలి, మణికట్టు మాట్లాడాలి.
అంచు ముందు తగిలితే కాగితం నెలవంకలా చీలుతుంది.
మొదటి వరసలో నాలుగు నెలవంకలు, నాలుగూ నావే.
సగం దిగి నిక్కిన వాటిని
మామూలు సుత్తితో అణిచాను.

"ఎడం చెయ్యెక్కడ?" అంటాడు గార్లండ్
తల తిప్పకుండానే.
అతని బొటనవేలి మీద
పక్కపక్కనే రెండు తెల్లటి చుక్కలున్నాయి.
ఎడం చెయ్యి వెనక్కి లాక్కుంటాను.

రెండో వరస, మూడో వరస.
టక్. టక్. టక్.
ఒళ్ళు తెలియలేదు.
ఫ్యాక్టరీ మూతపడ్డాక
నా కుడిచేతికి ఇంత పని దొరకలేదు,
అది నన్ను మర్చిపోయి తనంతట తనే పోతోంది.

నాలుగో వరసలో గాలి వచ్చి
ఆరడుగుల కాగితాన్ని లేపి నా మొహాన కొట్టింది.
వంగి చూశాను.
వరసగా నొక్కులున్నాయి, జానెడుకొకటి, తప్పకుండా.
ఏ నొక్కులోనూ మెరుపు లేదు.
ఎప్పుడు అయిపోయాయో పిన్నులు!
ఇంతసేపూ నేను కొట్టినవి ఉత్త దెబ్బలు.

గార్లండ్ నవ్వలేదు, తిట్టలేదు.
లేస్తున్న కాగితం మీద బోర్లా పడుకుని
"నింపు" అన్నాడు.
చలికి కొంకర్లుపోయిన వేళ్ళు,
జేబులో ముక్కలైన పిన్నుల పలకలు,
ఒకటి జారి చూరు దాటి గడ్డిలో పడింది.
ఎలాగో నింపాను.
అప్పుడు వినపడింది తేడా.
పిన్ను దిగితే
చెక్క మాట మింగినట్టు పొట్టి చప్పుడు.
ఖాళీది కొంచెం మోగుతుంది,
ఏదో సాధించినట్టు.

మొదటి చినుకులు పడుతుండగా
అతని చుట్టూ కొట్టుకుంటూ పోయాను,
భుజం పక్కన, నడుం పక్కన, మోకాలి పక్కన,
ప్రతి దెబ్బకీ చెవి ఒగ్గి.
ఆఖరి మూల బిగిసింది.
"ఇంక లే" అన్నాను.

లేవబోయాడు. లేవలేకపోయాడు.
"థెల్మా" అన్నాడు చాలా నెమ్మదిగా.
కోటు అంచు ఐదు చోట్ల
ఇంటికప్పుకి కుట్టి ఉంది.

వాన హోరున దిగింది.
స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటీ పెకలిస్తుంటే
కాగితం మీద నీళ్ళు మా పక్కనుంచే
జారిపోయాయి, కిందికి ఒక్క బొట్టు దిగలేదు.

ఆ కోటు ఇంకా తొడుగుతున్నాడు.
మొన్న కొట్లో అంచు పైకెత్తి
లియాండర్‌కి పది చిల్లులూ లెక్కపెట్టి చూపించాడు.
"పిన్నులు మంచివే ఇచ్చావు" అన్నాడు.