గాలి లేని జాగా

సప్తగిరి సర్కిల్ వెనక అంగట్లో
జిలాన్ నా ముందర రెండు పెట్టినాడు.
ఒకటి నల్లది, ఒంటి రెక్క, పొడుగు తోక.
ఇంకోటి అరచేతిలో పట్టేది,
రెక్క మీద రెక్క, కొమ్ము పసుపు రంగు.

నా కన్ను నల్లదాని మీదే.
"ఎన్నేండ్లన్నా నువ్వు గాలిమరల కాడ?"
"పన్నెండు. వజ్రకరూరు మిట్టన."
"ఐనా ఇదే తీసుకో" అని పసుపుది తోసినాడు.

పైరెక్క ఒక దిక్కు తిరిగితే
కిందిది ఎదురు దిక్కంట.
ఒకదాని మొండితనం ఇంకోటి మింగేస్తాదంట.
నల్లదైతే నేరుగా గోడకే,
గోడ నుంచి మళ్ళా నా అంగడికే, అని నవ్వినాడు.
నాలుగు రెక్కలు విడిగా పొట్లం కట్టినాడు:
"ఇరక్కొట్టుకోకుండా ఎవురూ నేర్సుకోలేదులే."

ఎనభై మీటర్ల పైన నడుముకు బెల్టు బిగించి
గాలి రాలేదని తిట్టిన నోరే ఇది.
ఈ పొద్దు ఇంట్లో
కిటికీలు మూసి, ఫ్యానాపి,
పరదా అంచు కదలడం ల్యాదని రెండుసార్లు చూసుకొని
చెమటలు కారుతా కూర్చున్నా.

బొటనవేలితో పుల్ల రవ్వంత తోసినా.
మంచంకోడు పక్కనుంచి లేసింది,
మోకాలెత్తు.
వణికింది.
నిలబడింది.
నేను ఊపిరి గూడా అటు ఇడవలేదు.

"ఇంత ఉక్కలో ఈ మూతలేంది?"
ఓబులమ్మ తలుపు తీసింది.
మిట్టమీది గాలంతా ఒక్కసారి లోపలికి.
పసుపుది పోయి శెనక్కాయల మూటకు తగులుకున్యాది.

ఒకటి పాయ.
పొట్లం ఇప్పినా.