కుర్చీ కింద మీట

జులై. జీలాంగ్‌లో పొద్దున ఆరున్నర.
అఖాతం మీద పొగమంచు ఇంకా పక్క దిగలేదు.
పాత ఉన్ని గోదాముల వెనక సందులో
ఒక కాఫీ కొట్టు, దాని వెనక గది,
నెలకో గురువారం మాది.

నేను తలుపు తోసేసరికి బ్రోనిన్ వచ్చి ఉంది.
నీటి బోర్డు తనది.
నలభై ఏళ్ళు పాలు పితికిన వేళ్ళతో
మూడువందల పన్నెండు పేజీల కట్టకి
పసుపు చీటీలు అంటిస్తోంది.
టువెట్ వచ్చింది, ఆసుపత్రి బోర్డు,
రాత్రి డ్యూటీ మందుల వాసన కోటుకి పట్టుకుని.
రోవన్ వచ్చారు, ఇళ్ళ సంఘం బోర్డు,
తడిసిన సైకిల్ హెల్మెట్‌ని పిల్లిలా ఒళ్ళో పెట్టుకుని.
నాది రేవు బోర్డు. ఓడలూ, అప్పులూ, ఆడిట్టూ.

మొదటిసారి ఈ గదిలో నేను చెప్పింది
లెక్కల సంగతి కాదు.
"మా బోర్డు గదిలో నా కాళ్ళు నేలకి ఆనవు" అన్నాను.
పదకొండు నెలలు
బల్ల మీద కోట్ల డాలర్లకి సంతకం పెడుతూ
బల్ల కింద బడిపిల్లలా పాదాలు వేలాడేసుకు కూర్చున్నాను.

ఎవరూ అయ్యో అనలేదు.
టువెట్ లేచి తన కుర్చీని బోర్లా తిరగేసింది.
"ఇదిగో, కుడివైపు, నల్ల మీట.
నిలబడి నొక్కితే కదలదు. కూర్చుని, బరువంతా వేసి నొక్కు."
"నాకు తెలియడానికి మూడేళ్ళు పట్టింది" అంది బ్రోనిన్,
చీటీల మీంచి తల ఎత్తకుండానే.

ఇక్కడ దొరికేవి ఇలాంటివే.
అధ్యక్షుడు "తీరిగ్గా చూద్దాం" అంటే ఎన్నటికీ చూడడని.
నా మాట మినిట్స్‌లో గ్రాంట్ పేరు మీద పడితే
ఆ సాయంత్రమే, కోపం చల్లారకముందే,
రెండే వాక్యాల్లో ఉత్తరం పంపాలని.

అంతా తీపేం కాదు.
ఒకసారి పిలుపు చీటీలో బ్రోనిన్ "ఆడవాళ్ళకి" అని మాత్రమే రాసింది.
రెండు నెలలు రోవన్ రాలేదు.
ఆ ఖాళీ కుర్చీ మీద మా కోట్లు పడేసి
ఐకమత్యం గురించి మాట్లాడుకున్నాం.
తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.
మూడో నెల, వానలో, డెబ్భై కిలోమీటర్లు నడుపుకుంటూ పోయి
బ్రోనిన్ ఆ గుమ్మంలో నిలబడిందట.
ఏం అనుకున్నారో మాకు చెప్పలేదు.
ఇద్దరూ ఒకే కారులో దిగారు, డిక్కీలో సగం బయటికి సైకిల్.

ఈ కథంతా విని హనుమకొండ నుంచి మా చెల్లి అడిగింది:
"ఇంతకీ రోవన్ వచ్చాడా, వచ్చిందా?"
"వచ్చారు" అన్నాను.
మర్యాద అనుకుంది. మర్యాదే.
కానీ ఫోన్ పెట్టేశాక ఆ మాట గొంతులోనే ఉండిపోయింది.

ఎనిమిదో తరగతిలో ఇందుమతి టీచర్
సుద్దముక్కతో రాశారు:
ఆవు వచ్చింది. బండి వచ్చింది. అక్క వచ్చింది.
"అక్క బండితో ఎందుకుంది టీచర్?" అంటే
"అమహత్తు" అని
బోర్డు వైపు తిరిగిపోయారు.
ఆ కిందే ఇంకో వాక్యం రాశారు,
బెల్లు కొట్టేశారు, నేను ఎక్కించుకోలేదు:
అక్కలు వచ్చారు.

ఒక్కతే అయితే ఆవు పక్కన, బండి పక్కన.
ఇంకొకరు తోడైతే చాలు,
మనుషుల క్రియ.
మా భాష ఈ రహస్యాన్ని
ఎన్ని వందల ఏళ్ళు నోట్లో దాచుకుందో!

ఎనిమిదైంది. బిల్లులో నాలుగు డాలర్లు తక్కువ,
ఎప్పట్లాగే టువెట్ వేసింది.

తొమ్మిదింటికి నా మీటింగు.
గ్రాంట్ పక్కన నా కుర్చీ.
ఎవరో మళ్ళీ పైకెత్తారు. నెలనెలా ఎత్తుతారు.
కూర్చుని, బరువంతా వేసి నొక్కాను.
నిశ్శబ్దంలో అది బుస్సుమని దిగింది,
ఎనిమిది తలలు ఇటు తిరిగాయి.
మడమలు తివాచీకి ఆనాయి.
"ఏమైనా ఉందా, హైమా?" అన్నాడు అధ్యక్షుడు నవ్వుతూ.

ఉంది.
రెండువందల నాలుగో పేజీ తీయండి.