పన్నెండు జాకెట్లు

మా జట్టుకి మొదట వచ్చినవి పన్నెండు జాకెట్లు,
నారింజ రంగువి, అన్నీ ఒకే సైజు.
కొలత ఇచ్చింది నేనే.
స్టీలు ప్లాంటులో ముప్పయ్యేళ్లు ఇనుము కాచిన
నా ఛాతీ కొలత.
ఎవరూ అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

చోడిపల్లి ఎర్రమ్మకి అది మోకాళ్లదాకా వచ్చింది.
తాడు ముక్కతో నడుం దగ్గర బిగించుకుని
"బాగానే ఉందిలెండి" అంది.

ఆమెకి టీ ఫ్లాస్కు అప్పగించాను.
పెదజాలారిపేటలో పుట్టి
వల ఎటు లాగుతుందో
నడక రాకముందే నేర్చిన మనిషికి
పేపరు కప్పులు లెక్కపెట్టే పని.
పుట్టుచెముడు ముస్తాక్‌ని
జీపు కాపలాకి పెట్టాను.
వాకీటాకీ వాడికెందుకు అన్నాను,
నవ్వుతూనే అన్నాను.

ఆషాఢంలో ఓ సాయంత్రం యారాడ పిలిచింది.
రాతిమీద ఒక జత చెప్పులు.
పందొమ్మిదేళ్ల పిల్లాడివి.
పార్వతీపురం నుంచి వాళ్ల నాన్న వచ్చి
ఆ చెప్పుల పక్కనే కూర్చున్నాడు,
వాటిని ముట్టుకోలేదు.

నేను మ్యాపు పరిచాను. ఈల ఊదాను.
పోయిన కార్తీకంలో ఒకాయన
గంగవరం వైపు తేలాడు గనక
అందర్నీ గంగవరం వైపే నడిపించాను.
ఎర్రమ్మ కప్పు అందిస్తూ మెల్లగా అంది:
"అది కార్తీకం నీరు బావూ.
ఇది ఆషాఢం నీరు.
కొండ మూలకి లాగుతాది."

చక్కెర ఎక్కువైందన్నాను నేను.

మూడో రోజు తెల్లారకముందే
కొండ మూలనే దొరికాడు,
మా జాకెట్లకి కాదు, చేపలకెళ్లిన ఒక తెప్పకి.
ముందే వెతికితే బతికేవాడా అంటే
డాక్టరు తల అడ్డంగా ఊపింది.
సరే. కానీ ఆ తండ్రి
రెండు పగళ్లు, రెండు రాత్రులు
తప్పు నీటివైపు చూస్తూ కూర్చున్నాడు.

షెడ్డులో మీటింగు.
నా రిపోర్టులో "ప్రతికూల వాతావరణం" అని ఉంది.
చదివాను. ఎవరూ ఏమీ అనలేదు.
ఎర్రమ్మ ఫ్లాస్కు కడుగుతోంది.
ముస్తాక్ లేచి సుద్దముక్క అందుకున్నాడు.
వంకర అక్షరాలు, బోర్డు కీచుమంది:
"అక్క ముందే చెప్పింది.
జీపు దగ్గర్నించి
నేను పెదాలు చూశాను."

వినగలిగిన పదిమందిమి
నేలకేసి చూశాం.

ఇప్పుడు మ్యాపు పరిచాక
నా వంతు చివర.
నిన్నగాక మొన్న చేరిన పిల్లయినా సరే
ముందు తను మాట్లాడాలి.
నాకింకా అలవాటు కాలేదు,
మధ్యలో దూరిపోతాను.
మల్కాపురం వసుంధర బల్లమీద రెండుసార్లు తడుతుంది.
నోరు మూసుకుంటాను, కోపం వస్తుంది,
కాసేపటికి పోతుంది.

చేతి సైగలు ముస్తాక్ నేర్పుతున్నాడు.
కెరటాల హోరులోకి దిగాక
మేమందరం చెవిటివాళ్లమే,
వాడొక్కడే మాటలొచ్చినవాడు.

మొన్న రుషికొండ దగ్గర
రాళ్ల మధ్య ఇద్దరమ్మాయిలు చిక్కుకున్నారు.
ఈల ఎర్రమ్మ మెడలో ఉంది.
తాడు పట్టినవాళ్లలో నేను నాలుగోవాణ్ణి.
బలంగా లాగుతున్నాను, అదే సాయం అనుకుని.
"వదులు బావూ! తాడు వదులు!"
ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.
వదిలాను.
కెరటం వాళ్లని తనే ఎత్తి
మా చేతుల్లో పెట్టింది.
ఒకమ్మాయి ఎర్రమ్మ భుజం మీద కక్కుకుంది.
ఎర్రమ్మ దాన్ని తిడుతూనే ముద్దు పెట్టుకుంది.

కొత్త జాకెట్లకి అందరి కొలతలూ రాసుకున్నాను.
పాతదొకటి మేకుకి వేలాడుతోంది,
నడుం దగ్గర తాడు ముడితో సహా.

టీ ఈమధ్య నేనే పోస్తున్నాను,
చక్కెర ఎంతో ఒక్కొక్కర్నీ అడిగి.

పార్వతీపురం ఆయన నంబరు
నా ఫోనులోనే ఉంది.
ఆ చక్కెర మాట
ఆయనకి ఇంకా చెప్పలేదు.