ఆఖరి ట్రాముకు ముందు

లియెపాయాలో గురువారం రాత్రి.
చక్కెర మిల్లు పాత క్యాంటీనులో
ఆరు బల్లలు, నాలుగే గడియారాలు.
కిటికీ సందుల్లోంచి బాల్టిక్ గాలి
వంతు ఎవరిదని అడక్కుండానే వచ్చి కూర్చుంటుంది.

నా ఎదుట స్కైద్రీతె.
డెబ్బై మూడేళ్ళు.
ఊరికున్న ఒకే ఒక్క ట్రాము లైను మీద
ముప్పై ఒక్క ఏళ్ళు బండి నడిపిన మనిషి.
వేళ్ళ కొసలు కత్తిరించిన తొడుగులతో ఆడుతుంది.

రాజు ముందరి బంటును రెండు గళ్ళు జరిపాను.
ఆవిడా అంతే.
గుర్రాన్ని దూకించాను.
అప్పుడు,
క్లబ్బులో అందరికీ తెలిసిందే,
రాజు పక్క శకటు బంటును రెండు గళ్ళు తోసింది
జనవరిలో తలుపులు బార్లా తెరిచినట్టు.

పుస్తకాలు ఈ ఆరంభాన్ని తప్పంటాయి.
కంప్యూటరు అరక్షణంలో పెదవి విరుస్తుంది.
మా దేశం పేరు మోస్తున్న పాపానికి
పై ఊళ్ళ వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతారు.
"తప్పే," అంటుంది స్కైద్రీతె,
"నాకు అలవాటైన తప్పు. నీకింకా కొత్త."

వారమంతా బట్టీ పట్టి వచ్చాను.
గుర్రంతో బంటును కొట్టాను, మంత్రి బయటికొచ్చింది,
తొమ్మిదో ఎత్తు దాకా ఆట నా నాలుక మీదే ఉంది.
పదో ఎత్తుకి పుస్తకం అయిపోయింది.
అక్కణ్ణించి అది ఆవిడ వీధి.
దీపాల్లేకపోయినా గుంతలన్నీ తెలుసు.

రెండు గంటల తర్వాత
ఏనుక్కి ఏనుగు. నాకొక బంటు ఎక్కువ.
ఆవిడ మా గడియారం వైపు కాదు,
గోడ గడియారం వైపు చూసింది.
"డ్రా?" అంది, కోటు గుండీలు పెట్టుకుంటూ.
"నాకు బంటుంది కదా," అన్నాను.
అంత గట్టిగా అనాల్సింది కాదు.

టికెట్టు చింపి ఇచ్చినంత మామూలుగా
తన రాజును పడుకోబెట్టింది.
"తొమ్మిదీ నలభై బండి నాకోసం ఆగదు.
నేనూ ఎవరికోసమూ ఆపలేదు."

రిజిస్టరులో నాకు ఒకటి, ఆవిడకి సున్నా.

ఒక్కణ్ణే కూర్చుని
ఆవిడ వైపు నుంచి ఆడి చూశాను.
ఏనుగును మూడో వరసలో కాపలా పెట్టి,
నా బంటు అడుగు వెయ్యగానే
బల్ల ఆ చివరికి పంపి, వెనక నుంచి చెక్.
మళ్ళీ చెక్.
డ్రా.
తిరిగి పేర్చాను. డ్రా.
ఆవిడకి తెలుసా?
ఏవాల్డ్స్ తాళాలు గలగలలాడించాడు.

బయట పట్టాల మీద పల్చటి మంచు,
అందులో ఆఖరి బండి గీసిన రెండు నల్లటి గీతలు.
వాటి పక్కనే ఇంటి దాకా నడిచాను.
వచ్చే గురువారం నల్లపావులు నావి.
జేబులో వేళ్ళు అప్పుడే
ఏదో బంటును
రెండు గళ్ళు తోస్తున్నాయి.